ఫారెస్ట్రీ డిగ్రీ: పెట్టిన ఖర్చుకు తగిన చదువేనా?

ఫారెస్ట్రీ (అటవీశాస్త్రం) డిగ్రీని చదువుగా చూస్తే ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పెట్టుబడిగా చూస్తే మాత్రం, తక్కువ ఖర్చుతో దొరికినప్పుడే చేరమంటాను. ఈ రెండు కొలతలనూ కలిపేయడం వల్లనే ఈ కోర్సు గురించి వినిపించే సలహాలు చాలావరకు అక్కరకు రాకుండా పోతున్నాయి. అడవి మీద ప్రేమ ఉంటే చాలు, మిగతావన్నీ అవే సమకూరతాయనేవాళ్ళు ఖర్చు మాట ఎత్తరు. ఉద్యోగాలు లేవు, అటు పోవద్దనేవాళ్ళు అక్కడ నేర్పేదేమిటో చూడరు. ఈ చదువు చదివి ఇదే రంగంలో పనిచేస్తున్నవాణ్ణి గనుక, డబ్బూ కాలమూ పెట్టి కొనుక్కునే ఏ సేవనైనా ఎలా బేరీజు వేస్తామో దీన్నీ అలాగే బేరీజు వేయాలన్నది నా ఉద్దేశం.

ముందుగా ఖర్చు. కళాశాల ప్రకటించే ఫీజు అందులో ఒక భాగం మాత్రమే. దేశాన్ని బట్టి మూడు నుంచి నాలుగేళ్ళు సాగే ఈ కోర్సులో క్షేత్ర శిబిరాలు ముఖ్యమైన భాగం. కొన్నిచోట్ల వాటి ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది, మరికొన్నిచోట్ల ప్రయాణం, బస, భోజనం విద్యార్థే పెట్టుకోవాలి. గట్టి బూట్లు, వాన కోటు, హెల్మెట్ వంటివి చిన్న ఖర్చులే గాని, శిబిరాలు సెలవుల్లో పడినప్పుడు, ఆ రోజుల్లో ఏదో ఒక పని చేసి కొంత కూడబెట్టుకుందామనుకున్న విద్యార్థికి ఆ ఆదాయం పోతుంది. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏ రసీదులోనూ కనిపించదు. అది ఆ మూడు నాలుగేళ్ళూ మరో పనిలో ఉంటే చేతికి వచ్చి ఉండే జీతం. పైగా విశ్వవిద్యాలయాలు చాలాచోట్ల, చదువయ్యాక వచ్చే జీతాన్ని చూసి ఫీజు నిర్ణయించవు. ఇంజనీరింగ్ విద్యార్థీ ఫారెస్ట్రీ విద్యార్థీ ఇంచుమించు ఒకే ఫీజు కట్టే చోట, తొలి జీతం తక్కువగా ఉండే ఫారెస్ట్రీ విద్యార్థి మీదే భారం ఎక్కువగా పడుతుంది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధనా రుసుము తీసుకోవు; అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సైతం సొంత రాష్ట్రం విద్యార్థుల కంటే బయటి రాష్ట్రాల విద్యార్థుల దగ్గర బాగా ఎక్కువ వసూలు చేస్తాయి. పాఠాలు ఇంచుమించు అవే అయినా, ఒకచోట లాభసాటిగా ఉండే డిగ్రీ మరొకచోట ఏళ్ళ తరబడి తీరని అప్పుగా మిగలవచ్చు.

ఈ లెక్క ఎలా వేయాలో ఈ చదువే నేర్పుతుంది. 1849లో మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ ఫారెస్టర్, చెట్లు పెంచే నేల విలువను కట్టడానికి ఒక సూత్రం ప్రచురించాడు. మొక్కలు నాటే ఖర్చు ఈ రోజే పెడతాం, కలప డబ్బు ఏ నలభై ఏళ్ళకో వస్తుంది; కాబట్టి రాబోయే ప్రతి రూపాయినీ వడ్డీతో తగ్గించి నేటి విలువకు తెచ్చాకే రెంటినీ పోల్చాలన్నది అందులోని సారం. ఐదు శాతం వడ్డీ మీద, నలభై ఏళ్ళ తర్వాత చేతికందే వంద నేటి విలువలో దాదాపు 14 మాత్రమే. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే వంద 38. పదేళ్ళ తర్వాత వచ్చే వంద 61. ఇదే సూత్రంతో డిగ్రీని కూడా లెక్కవేసి చూడమని నేను చెబుతాను. ఫీజు మొదటి ఏడాదుల్లోనే పూర్తి బరువుతో పడుతుంది. ఈ రంగంలో మంచి జీతమున్న హోదాలు సాధారణంగా చాలా ఏళ్ళ అనుభవం తర్వాత గాని రావు. ఐదు శాతం వడ్డీకి తెచ్చిన వంద, తీర్చకుండా వదిలేస్తే, పదేళ్ళలో 163 అవుతుంది. అందుకే ఫారెస్ట్రీలో, ఉద్యోగ జీవితం చివర అందుకోగల జీతాన్ని చూపించి అప్పును సమర్థించుకోవడం తప్పుడు లెక్క. మొదటి ఐదేళ్ళ జీతంలోంచి ఇబ్బంది పడకుండా తీర్చగలిగినంత అప్పే ఈ డిగ్రీకి భరించదగ్గ అప్పు.

ఇక ఆ డబ్బుకు దొరికేదేమిటి? ఇక్కడ నాకు చెప్పవలసింది చాలా ఉంది. ఈ కోర్సు ప్రాణమంతా కొలతలో ఉంది. చెట్టు వ్యాసాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలుస్తారు, కొన్ని దేశాల్లో 1.37 మీటర్ల దగ్గర. వినడానికి ఇంతే. వాలు నేల మీద ఆ ఎత్తును ఎగువ వైపు నుంచి తీసుకోవాలి. సరిగ్గా ఆ ఎత్తులోనే బుడిపె ఉంటే టేపు ఎక్కడికి జరపాలో, చెట్టు అంతకంటే కిందనే రెండుగా చీలితే దాన్ని ఒక చెట్టుగా లెక్కించాలో రెండుగానో తెలియాలి. మాను మీద పాకిన తీగను టేపు కిందినుంచి తప్పించాలి. ఆ టేపు కూడా మామూలు టేపు కాదు. చుట్టుకొలతను π (పై) విలువతో ముందే భాగించి గీతలు గీసి ఉంటాయి కాబట్టి, చెట్టు చుట్టూ వేస్తే నేరుగా వ్యాసమే చదువుకోవచ్చు. కలప పరిమాణం వ్యాసం వర్గంతో పాటు పెరుగుతుంది గనుక, వ్యాసంలో ఐదు శాతం పొరపాటు పరిమాణంలో పది శాతం అవుతుంది. మొదటి సెమిస్టరులో టేపును కొంచెం వంకరగా పట్టుకున్న విద్యార్థికి ఈ సంగతి పుస్తకంలో కంటే, రెండోసారి కొలిచిన బృందం అంకెలు తన అంకెలతో కలవనప్పుడు బాగా తలకెక్కుతుంది.

1948లో ఆస్ట్రియాకు చెందిన వాల్టర్ బిటర్లిష్ చూపిన పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. చేతిలో ఒక స్థిరమైన కోణాన్ని చూపే పరికరం పట్టుకుని, ఒకేచోట నిలబడి చుట్టూ తిరిగి చూస్తూ, ఆ కోణం కంటే వెడల్పుగా కనిపించే మానులను మాత్రం లెక్కపెట్టాలి. పరికరం గుణకం రెండు అయి, అంటే లెక్కకు వచ్చే ప్రతి చెట్టూ హెక్టారుకు రెండు చదరపు మీటర్లకు సమానమై, పన్నెండు చెట్లు లెక్కకు వస్తే, అక్కడ హెక్టారుకు మానుల అడ్డుకోత వైశాల్యం 24 చదరపు మీటర్లని అర్థం. ఒక్క చెట్టునూ టేపుతో కొలవకుండానే ఆ అడవి ఎంత దట్టంగా ఉందో అంకె చేతికి వస్తుంది. ఇంక్రిమెంట్ బోరరుతో మాను లోంచి పెన్సిల్ కంటే సన్నని కడ్డీని తీసి వలయాలు చదవడం దీని తర్వాతి మెట్టు. పక్క చెట్లను తీసేసిన ఏడాది తర్వాత వలయాలు వెడల్పవుతాయి, కరువు వచ్చిన ఏడాది సన్నబడతాయి. ఎప్పుడో ఒకరు తీసుకున్న నిర్ణయం మంచిదో కాదో ఆ కడ్డీలో కనిపిస్తుంది.

కొలత నేర్చాక వచ్చేది నిర్ణయం. ఏ చెట్టును ఉంచాలి, దేన్ని తీయాలి అన్నది నేర్పడానికి ఐరోపాలో మార్టెలోస్కోప్ అనే శిక్షణ స్థలాలు ఉన్నాయి. అవి సుమారు ఒక హెక్టారు ఉంటాయి. ప్రతి చెట్టుకూ ఒక సంఖ్య, పటంలో దాని స్థానం, కలపగా దాని విలువ, పక్షులకూ పురుగులకూ ఆవాసంగా దాని విలువ నమోదై ఉంటాయి. విద్యార్థి టాబ్లెట్ మీద తీయదలచిన చెట్లను ఎంచుకుంటే, ఆదాయం ఎంత వస్తుందో, ఆవాసం ఎంత పోతుందో వెంటనే తెలుస్తుంది. చెట్టు నేల మీద పడకుండానే తన ఎంపిక ఫలితం కళ్ళకు కట్టే ఇలాంటి శిక్షణ కాగితం మీది ఎన్నో పాఠాల కంటే విలువైనది. సిల్వికల్చర్ (అడవుల పెంపకం), నేలల శాస్త్రం, తెగుళ్ళు, నిప్పు, జలవనరులు, అటవీ చట్టం, ఆర్థికశాస్త్రం అన్నీ ఒకే నిర్ణయంలో కలిసే చదువు ఇంకొకటి నాకు కనబడలేదు. ఈ ఒక్క కారణంతోనే దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

అయితే లోపాలూ ఉన్నాయి. గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ చాలా పాఠ్యప్రణాళికల్లో మొక్కుబడిగానే సాగుతాయి. అడవిని ఆనుకుని బతికే జనంతో మాట్లాడడం, వాళ్ళ హక్కులను అర్థం చేసుకోవడం ఒక్క పేపరుకే పరిమితమవుతుంది. ఉద్యోగంలో అడుగుపెట్టాక మాత్రం సగం రోజు గడిచేది ఈ పనుల్లోనే.

ఉద్యోగాల విషయానికి వస్తే, ఈ చదువు ఎవరి అవసరం కోసం పుట్టిందో గుర్తుంచుకుంటే చాలా సంగతులు తేలిపోతాయి. జర్మనీలో హైన్‌రిష్ కోటా 1811లో థారాంట్‌కు తెచ్చిన పాఠశాల, ఫ్రాన్స్‌లో 1824లో నాన్సీలో వెలసిన పాఠశాల, 1878లో డెహ్రాడూన్‌లో మొదలైన పాఠశాల, ఇవన్నీ ప్రధానంగా ప్రభుత్వాల అడవులను చూసుకునే అధికారులను తయారుచేయడానికి నడిచినవే. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2020లో వెలువరించిన ప్రపంచ అటవీ వనరుల అంచనా ప్రకారం భూమ్మీద 406 కోట్ల హెక్టార్ల అడవి ఉంది, అందులో 73 శాతం ప్రభుత్వ యాజమాన్యంలో ఉంది. అంటే పట్టభద్రుడికి అతిపెద్ద యజమాని ప్రభుత్వమే. నియామకాలు అడవి అవసరాన్ని బట్టి గాక బడ్జెట్‌ను బట్టి జరుగుతాయి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 2024లో, నిధుల కొరత వల్ల, అగ్నిమాపక పనులకు తప్ప 2025కు సీజనల్ సిబ్బందిని తీసుకోబోమని ప్రకటించింది. ఈ రంగంలో తొలి అడుగు వేసేది తరచుగా ఆ సీజనల్ కొలువులతోనే కాబట్టి, అలాంటి ఒక్క ప్రకటన ఒక బ్యాచ్ మొత్తాన్ని గుమ్మం బయటే నిలబెట్టగలదు.

డిగ్రీకి చట్టం ఇచ్చే రక్షణ కూడా దేశానికో తీరుగా ఉంటుంది, చేరేముందు తప్పకుండా తెలుసుకోవలసింది ఇదే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వృత్తిరీత్యా ఫారెస్టరుగా పనిచేయాలంటే నమోదు తప్పనిసరి, ఆ నమోదుకు తగిన చదువు కావాలి. అలాంటి చోట డిగ్రీకి గట్టి విలువ ఉంటుంది. జర్మనీలో ప్రభుత్వ అటవీ సేవలో చేరాలంటే డిగ్రీ తర్వాత మళ్ళీ ప్రభుత్వ శిక్షణ కాలం, పరీక్ష ఉంటాయి. ఆ కాలాన్ని కూడా ఖర్చులో కలుపుకోవాలి. భారత అటవీ సర్వీసు పరీక్షకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, గణితం చదివినవారూ ఇంజనీర్లూ అర్హులే. అక్కడ ఫారెస్ట్రీ పట్టభద్రుడికి ప్రత్యేకమైన దారేమీ లేదు, అందరితో పాటు పోటీపడాలి. డిగ్రీ పేరు మూడు చోట్లా ఒకటే, కొనిపెట్టే హక్కు మాత్రం మూడు రకాలు.

ప్రైవేటు రంగంలో కలప కంపెనీలు మంచి జీతాలే ఇస్తాయి గాని, అవి ఇళ్ళ నిర్మాణంతో పాటు లేచి, దానితో పాటే పడతాయి. అమెరికాలో 2005లో 20 లక్షలకు పైగా ఇళ్ళ నిర్మాణాలు మొదలైతే 2009లో ఆ సంఖ్య ఐదున్నర లక్షలకు పడిపోయింది. ఆ పతనంలో రంపపు మిల్లులు మూతపడ్డాయి, కలప కొనేవాడు లేక అడవుల్లో పని ఆగిపోయింది. ఆ ఏడాది పట్టా పుచ్చుకున్నవాళ్ళ ప్రతిభలో లోపమేమీ లేదు, కాలం కలిసిరాలేదు. అటవీ రంగంలో 2017–2019 మధ్య సగటున 3.3 కోట్ల మంది పనిచేస్తున్నట్టు అంతర్జాతీయ అంచనా. ఈ అంకెను కళాశాలల ప్రచారంలో చూసి మురిసిపోకూడదు. అందులో కలప, కాగితం పరిశ్రమల కార్మికులు కూడా ఉన్నారు, డిగ్రీ అవసరమైన కొలువులు అందులో చిన్న భాగమే.

గడచిన మూడు దశాబ్దాల్లో తెరుచుకున్న దారులు నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నాయి. 1993లో ఎఫ్‌ఎస్‌సీ, 1999లో పీఈఎఫ్‌సీ అనే అటవీ ధ్రువీకరణ వ్యవస్థలు వచ్చాక, అడవి సరిగా నడుస్తోందా లేదా అని తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చే ఆడిటర్లకు పని పుట్టింది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం, కలప, కాఫీ, కోకో, రబ్బరు వంటి సరుకులు ఏ నేల నుంచి వచ్చాయో భౌగోళిక స్థానంతో సహా చూపాలంటోంది. అమలు వాయిదా పడుతూ వచ్చినా, కంపెనీలు ఆ లెక్కలు చూడగల మనుషుల కోసం వెతకక తప్పదు. కార్బన్ పనుల్లోనూ, అంటే అడవి దాచుకున్న కార్బన్‌ను కొలిచి క్రెడిట్లుగా అమ్మే పనుల్లోనూ, ఫారెస్టర్లకు చోటుంది. చెట్టు పొడి బరువులో సుమారు 47 శాతం కార్బన్‌గా తీసుకుని, దాన్ని 44/12తో హెచ్చిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. సూత్రం ఎవరైనా వేయగలరు. ఆ బరువును నిజాయితీగా అంచనా వేయడానికి ఎన్ని ప్లాట్లు (నమూనాగా ఎంచుకున్న చిన్న అడవి తునకలు) కొలవాలో, ఎక్కడ కొలవాలో చెప్పగలిగేది అడవి కొలత తెలిసినవాడే. అయినా ఈ మార్కెట్ ఒక్కదాన్నే నమ్ముకుని కోర్సులో చేరమని చెప్పను. క్రెడిట్ల మీద నమ్మకమూ వాటి ధరలూ ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

ఉపగ్రహాల పని అంతకంటే స్థిరమైనది. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, 2015లో సెంటినెల్-2 వచ్చింది, 2018 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి జెడీ అనే లేజర్ పరికరం చేరింది, 2025లో ఐరోపా అంతరిక్ష సంస్థ బయోమాస్ ఉపగ్రహాన్ని పంపింది. వీటివల్ల ఫారెస్టర్ల పని పోతుందనే భయంలో నాకు పస కనిపించదు. ఆకాశం నుంచి వచ్చిన ఏ అంచనా అయినా నేల మీద కొలిచిన ప్లాట్లతో సరిచూసుకున్నాకే నమ్మకమైనదవుతుంది. చిత్రాలను విశ్లేషించగలిగే ఇంజనీర్లు చాలామంది ఉన్నారు, చెట్టును సరిగా కొలవగలిగే సిబ్బందీ ఉన్నారు. రెండూ ఒకే మనిషికి తెలిసి ఉండడం అరుదు. ఫారెస్ట్రీలో చేరే విద్యార్థి మొదటి ఏడాది నుంచే గణాంకశాస్త్రం, జీఐఎస్ (కంప్యూటర్ పటాల విశ్లేషణ), ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా పట్టుకుంటే, ఇదే డిగ్రీ విలువ బాగా పెరుగుతుంది. దూరపు పల్లెలకు పోలేని వాళ్ళకు నగర వృక్షాల నిర్వహణ మరో దారి. ప్రమాదకరంగా ఒరిగిన చెట్టును అంచనా వేసే పనికి అంతర్జాతీయ ఆర్బొరికల్చర్ సంఘం ఇచ్చే అర్హతలకు చాలా దేశాల్లో గుర్తింపు ఉంది.

ఈ డిగ్రీకి అసలైన పోటీ పర్యావరణ శాస్త్రం నుంచి గాక, రెండేళ్ళ టెక్నీషియన్ డిప్లొమా నుంచి వస్తుందని నా అభిప్రాయం. కొలత, పటాలు, నర్సరీ, నాట్లు, తీయవలసిన చెట్ల మార్కింగ్ అక్కడా నేర్పుతారు. తొలి కొలువుల్లో డిప్లొమా చేసినవాళ్ళూ డిగ్రీ చేసినవాళ్ళూ పక్కపక్కనే ఒకే టేపు పట్టుకుని నడుస్తుంటారు. తేడా తర్వాత వస్తుంది. నిర్వహణ ప్రణాళిక రాసి సంతకం పెట్టే అధికారం, నమోదు, పరిశోధన, విధాన రూపకల్పన, వీటికి డిగ్రీ కావాలి. డిప్లొమా మార్కులను డిగ్రీలోకి బదిలీ చేసుకునే వీలున్న చోట, ముందు డిప్లొమా చేసి, ఒక సీజను పనిచేసి, అప్పుడు డిగ్రీకి వెళ్ళడమే డబ్బు లేని విద్యార్థికి అన్నిటికంటే తెలివైన దారి. వానలో, వాలు నేల మీద రోజంతా నడిచే ఈ పని తన ఒంటికీ మనసుకూ సరిపడుతుందో లేదో పెద్ద ఫీజు కట్టకముందే తేలిపోతుంది కూడా.

ఎందుకంటే ఈ పనిలో కష్టం ఉంది. తొలి ఏళ్ళలో ఊరికి దూరంగా, ఫోను సిగ్నల్ అందని చోట్ల ఉండవలసి రావచ్చు. కొలువులు కొన్ని నెలలకే పరిమితం కావచ్చు, మిగతా నెలలు జీతం ఉండదు. జీవిత భాగస్వామికీ ఉద్యోగం ఉంటే, ఇద్దరికీ ఒకేచోట పని దొరకడం కష్టమే. అడవుల్లో పనిచేస్తూ తృప్తిగా ఉన్న సహోద్యోగులను ఎందరినో చూశాను; ఈ రంగాన్ని వదిలివెళ్ళిన వాళ్ళు కూడా చాలావరకు అడవి మీద విసుగెత్తి కాదు, ఇంటికి దూరమై వెళ్ళినవాళ్ళే. ఫీజుల పట్టికలో ఈ ఖర్చుకు గడి ఉండదు గాని, నా దృష్టిలో ఇది ఫీజుతో సమానమైనది.

కళాశాలను ఎంచుకునేటప్పుడు ర్యాంకును పక్కనపెట్టి సిలబస్ తెప్పించుకోండి, అందులో క్షేత్రంలో గడిపే రోజులు ఎన్నో లెక్కపెట్టండి. కళాశాలకు సొంత అడవి ఉందా అని అడగండి. యేల్ విశ్వవిద్యాలయానికి, ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి అలాంటి శిక్షణ అడవులు ఉన్నాయి, మామూలు కళాశాలకు కనీసం దగ్గరలోని అటవీ శాఖతో లిఖితపూర్వక ఒప్పందమైనా ఉండాలి. ఏటా అదే చెట్లను మళ్ళీ కొలిచే శాశ్వత ప్లాట్లు ఉంటే, చదువు నాణ్యతకు అంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు. మీరు పనిచేయదలచిన దేశంలో ఆ పట్టాకు వృత్తి నమోదు సంస్థ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థనే నేరుగా అడగాలి, కళాశాల మాట మీద ఆధారపడకూడదు. ఇక ప్లేస్‌మెంట్ శాతం చూపించినప్పుడు, పట్టా పుచ్చుకుని ఐదేళ్ళయిన ఒక బ్యాచ్ వివరాలు ఇవ్వమని కోరండి. అందులో శాశ్వత ఉద్యోగంలో ఉన్నవారెందరు, సీజనల్ పనుల్లో ఉన్నవారెందరు, ఉద్యోగం దొరక్క పైచదువుకు వెళ్ళినవారెందరు, వేరే రంగానికి మారినవారెందరు అన్నది విడివిడిగా ఉండాలి. పైచదువులకు వెళ్ళినవాళ్ళను కూడా ఉద్యోగస్తుల లెక్కలో కలిపి ఒకే శాతంగా చూపే కళాశాలలో, ఫీజు ఎంత తక్కువైనా, అడ్మిషన్ తీసుకునే ముందు ఆ బ్యాచ్ వాళ్ళలో ఇద్దరు ముగ్గురితో స్వయంగా మాట్లాడండి.